పిల్లల ఉబ్బసానికి స్పేసర్: కొన్నేళ్లు వాడిన తర్వాత నా అంచనా

మా అమ్మాయికి ఉబ్బసం ఉందని వైద్యులు తేల్చిన మూడో ఏట నుంచి, ఆమె రెండో తరగతికి వచ్చిన ఇప్పటి వరకు, మా ఇంట్లో ఉదయం, రాత్రి తప్పనిసరిగా చేతికి వచ్చే వస్తువు స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం. ఇన్‌హేలర్‌ను నొక్కిన క్షణంలోనే గాలి పీల్చడం పెద్దవాళ్లకే సరిగా కుదరదు. స్పేసర్ ఉంటే, వేగంగా దూసుకొచ్చే మందు గొంతుకు అంటుకుపోకుండా ఆ గొట్టంలో కాసేపు నిలిచి, బిడ్డ మామూలుగా తీసుకునే శ్వాసతోనే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

ఫలితమంతా వాడే తీరులో ఉంది. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, స్పేసర్ చివర ఉండే మాస్కు అంచుల్లో సందు లేకుండా ముక్కు, నోరు కప్పి, ఒక్కసారి నొక్కి (ఇదే ఒక పఫ్), ఐదారు శ్వాసలు తీసుకోనివ్వాలి. రెండో పఫ్ అవసరమైతే మళ్లీ కుదిపి మొదటి నుంచి చేయాలి. ఏడుస్తున్న పిల్లకు బలవంతంగా ఆనిస్తే లోపలికి చేరే మందు చాలా తక్కువ. అందుకే మేము శ్వాస తీసుకున్నప్పుడు స్పేసర్‌లో తెరుచుకునే కవాటం కదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని ఆమె చేతనే వేళ్లు మడిపించేవాళ్లం. ఇప్పుడు మాస్కు తీసేసి, గొట్టం చివరను పెదవుల మధ్య బిగించి తానే పీల్చుకుంటోంది.

శుభ్రం చేయడం దగ్గరే చాలామంది ఇళ్లలో తేడా వస్తుంది. గోరువెచ్చని సబ్బునీటిలో ముంచి తీసి, లోపల గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి, మందును గోడలే లాగేసుకుంటాయి. మేము మొదట కొన్న స్పేసర్‌తో వచ్చిన కాగితంలో ఈ ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. దాని కవాటం కూడా ఏడాది తిరక్కుండానే బిగుసుకుపోయింది.

అయితే స్పేసర్ ఎంత మంచిదైనా, అందులోంచి రోజూ ఏ మందు వెళుతోందన్నదే ముఖ్యం. సాల్బుటమాల్ నిమిషాల్లో ఆయాసాన్ని తగ్గిస్తుంది గానీ శ్వాసనాళాల్లోని వాపును తగ్గించదు. ఆ పని బుడెసొనైడ్ వంటి నివారణ మందుది, అదీ నిదానంగా. పిల్ల బాగుంది కదా అని దాన్ని ఆపేయడమే మా బంధువుల ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు. ఈ నివారణ మందు స్టెరాయిడ్ కాబట్టి, ఆ మాటకు మా అత్తగారు కూడా బెదిరారు. దానివల్ల పిల్లల ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు మేర తగ్గే అవకాశం ఉన్నమాట నిజమే కానీ, అదుపులో లేని ఉబ్బసం చేసే చేటు అంతకంటే పెద్దదని వైద్యులు వివరించాక ఊరుకున్నారు. నోటిపూత రాకుండా మందు తీసుకోగానే పుక్కిలించి ఉమ్మించాలి.

ఉబ్బసాన్ని రెచ్చగొట్టే వాటిని ఇంట్లో ఉంచుకుని స్పేసర్‌ను నిందించడం న్యాయం కాదు. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. మేము కాయిల్ మానేసి దోమతెర కట్టాం, సాంబ్రాణి పొగ మానేశాం, దుప్పట్లను వేడినీళ్లలో ఉతుకుతున్నాం. భోగినాడు వీధిలో పాత టైర్లు కూడా మంటల్లో వేస్తారు కాబట్టి తెల్లవారుజామున కిటికీలు తెరవం. జలుబును మాత్రం ఆపలేం. మా అమ్మాయికి పిల్లికూతలు మొదలయ్యేది ఎక్కువగా దానితోనే. ఏటా మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లిలో చేపప్రసాదం వేయించమని ఇరుగుపొరుగు చెబుతారు. నమ్మకం ఎవరిష్టం వారిది గానీ, దాని పేరిట నివారణ మందు ఆపడానికి నేను ఒప్పుకోను.

మందును పొగమంచులా మార్చి పీల్చనిచ్చే యంత్రం నెబ్యులైజర్ కూడా కొన్నాం, అది అటక మీదే ఉంది. ఓ మోస్తరు ఆయాసానికి స్పేసర్‌తో ఇచ్చే సాల్బుటమాల్ అంతే బాగా పనిచేస్తుంది; కరెంటు అక్కర్లేదు, బడిసంచిలో పడుతుంది. కానీ డొక్కలు లోపలికి పోతున్నా, పిల్ల ఒక వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో కూర్చుని పఫ్‌లు లెక్కపెట్టకూడదు. వైద్యులు రాసిచ్చిన ప్రకారం దారిలోనూ మందు ఇస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.