బతుకమ్మ వరుస దాచాలంటే: మిడి ఫైలా, ఎంపీ3నా?

నల్లగొండలో మా వాడ ఆడవాళ్లు పాడే బతుకమ్మ వరుసను అందరికీ అందేలా ఆన్‌లైన్ లైబ్రరీలో పెట్టాలంటే నా ఓటు మిడికే. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 నిమిషానికి దాదాపు 1 ఎంబీ; మిడి అయితే పాట మొత్తానికి కొన్ని కేబీలే. అందులో శబ్దం ఉండదు. ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్న వివరమే ఉంటుంది. కాబట్టి కీబోర్డు నేర్చుకునే పిల్ల వేగం తగ్గించుకున్నా శ్రుతి చెడదు, తన గొంతుకు తగ్గట్టు శ్రుతి దించుకోనూ వచ్చు.

కానీ మా వాళ్ల చప్పట్ల అసలు చప్పుడు, మా అత్తమ్మ గొంతులోని జీర మిడిలో రావు. వాటికి ఎంపీ3 ఉండాల్సిందే.

ఏది పెట్టినా ఫైలుకు 'కొత్తది 1' అని పేరు పెట్టొద్దు. ఊరు, తాళం, శ్రుతి రాయండి. పాడినవాళ్ల అనుమతి ముందే అడగండి.