తొమ్మిది రోజులకు లక్షా ఇరవై రెండు వేలు: హైదరాబాదులో అమ్మ కోసం చూసిన నర్సింగ్ హోమ్‌లు

మొన్న ఆగస్టులో అమ్మను చేర్పించడానికి తమ్ముడూ నేనూ హైదరాబాదులో మూడు రోజులు తిరిగి ఆరు చోట్లు చూశాం. అన్నిటిలోకీ అందంగా కనిపించిన చోట చేర్పించి, తొమ్మిదో రోజున నడుము కింద పుండుతో, కుడి మడమ మీద నల్లటి మచ్చతో అమ్మను అక్కడి నుంచి బయటికి తీసుకొచ్చాం. ఆ తొమ్మిది రోజులకు మా చేతి నుంచి పోయినది 1,22,260 రూపాయలు. డబ్బు పోయిందన్న బాధ కంటే, చూడవలసినవి చూడకుండా పాలరాతి నేలనూ పూలకుండీలనూ చూసి అమ్మను అప్పగించామన్న బాధ నాకు ఎక్కువగా ఉంది. మాలాగే ఊళ్ల నుంచి వచ్చి వెతుక్కునేవారికి ఉపయోగపడుతుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గర చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే వాడుక ఉంది. నేను చెబుతున్నది చికిత్స పూర్తయ్యాక కూడా మంచం దిగలేనివారిని నెలల తరబడి ఉంచుకుని చూసుకునే ఇళ్ల గురించి. వీటి బోర్డుల మీద కేర్ హోమ్ అనీ, అసిస్టెడ్ లివింగ్ అనీ, వృద్ధాశ్రమం అనీ రకరకాలుగా రాసి ఉంటుంది. బోర్డును బట్టి ఏదీ తెలియదు. ‘మంచంలో ఉన్న పేషెంటును తీసుకుంటారా, యూరిన్ పైపు ఉంటే తీసుకుంటారా’ అని ఫోన్‌లోనే అడిగి బయలుదేరితే సగం తిరుగుడు తప్పుతుంది.

అమ్మకు డెబ్బై మూడేళ్లు. మార్చిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది, యూరిన్ పైపు ఉంది. రాజమండ్రిలో ఇంట్లోనే ఏజెన్సీ ద్వారా నెలకు 24,000 ఇచ్చి మనిషిని పెట్టుకున్నాం కానీ నాలుగు నెలల్లో ముగ్గురు మానేశారు. మా ఊళ్లో విచారించిన వృద్ధాశ్రమాలన్నీ తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటామన్నాయి. అమ్మను చూసే న్యూరాలజిస్టు హైదరాబాదులో ఉన్నారు, తమ్ముడు బెంగళూరు నుంచి రాత్రి బస్సులో రాగలడు, నేను గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాగలను. అందువల్ల హైదరాబాదు అనుకున్నాం.

సికింద్రాబాద్ స్టేషను దగ్గర లాడ్జి రోజుకు 1,400, శుభ్రంగానే ఉంది. కారు ఎనిమిది గంటలకు 2,600 చొప్పున మూడు రోజులూ ఒకే డ్రైవరు వచ్చాడు. తమ్ముడికి సోమవారం ఆఫీసు ఉండడంతో మొదటి నుంచీ తొందరలోనే ఉన్నాడు. నాకేమో ఏ గడప ఎక్కినా అమ్మను ఇక్కడ వదిలి వెళ్లగలనా అన్న ఆలోచనతో నోరు పెగిలేది కాదు. ఇద్దరం ఒకరినొకరు సరిగా పలకరించుకోకుండానే తిరిగాం. అడగవలసినవి అడగకపోవడానికి అదీ ఒక కారణం.

వనస్థలిపురంలోనూ నాగోలులోనూ చూసినవి మామూలు అద్దె ఇళ్లు, ఖాళీలు లేవు. కొంపల్లి వైపు బంగళాలో పడకలు మొదటి అంతస్తులో ఉన్నాయి, లిఫ్టు లేదు. రాత్రివేళ ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తే కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించుతామన్నారు. ఘట్‌కేసర్ దారిలో మామిడిచెట్ల మధ్య ఉన్న ఆశ్రమం మాకిద్దరికీ ఎంతో నచ్చింది. నెలకు 22,000, భోజనం కమ్మగా ఉంది, అక్కడి పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నడవగలిగిన తల్లిదండ్రులకు చోటు వెతుకుతున్నవారికి అలాంటిదే సరైనదని చెబుతాను. యూరిన్ పైపు ఉన్నవారిని మాత్రం చేర్చుకోబోమన్నారు. ఉన్న విషయం ముందే చెప్పినందుకు వారి మీద గౌరవం కలిగింది. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు ఫ్లాటులో మూడు గదుల్లో తొమ్మిది మంచాలు వేసి నెలకు 25,000 తీసుకుంటున్నారు. తలుపు తీయగానే వచ్చిన మూత్రపు వాసనకు తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ తరువాత గచ్చిబౌలి దాటాక ఉన్న ఆ పెద్ద భవనానికి వెళ్లేసరికి మాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. విశాలమైన హాలు, ఫిజియోథెరపీ గది, ప్రతి మంచానికీ పరదా, గోడకు కాలింగ్ బెల్లు. ఫినాయిలు వాసన ఘాటుగా ఉంది, దాన్ని శుభ్రత అనుకున్నాం. మేనేజరు మేడమ్ కాఫీ ఇప్పించి, ఇద్దరు ఉండే గదికి నెలకు 45,000, తిరిగి ఇవ్వని అడ్మిషన్ ఫీజు 10,000, తిరిగి ఇచ్చే డిపాజిట్ 50,000 అని చెప్పారు. ‘అన్నీ ఇందులోనే కదండీ?’ అని అడిగితే ‘మందులు తప్ప దాదాపు అన్నీ’ అన్నారు. ఆ ‘దాదాపు’ అన్న మాట దగ్గర నేను ఆగవలసింది. పదకొండు పేజీల ఒప్పందాన్ని తమ్ముడు నిలబడే సంతకం చేశాడు. సెప్టెంబరు 3న రాజమండ్రి నుంచి అంబులెన్సులో, 18,000 ఇచ్చి, అమ్మను తీసుకొచ్చి చేర్చాం. రెండు రోజులు నేను దగ్గరే ఉన్నాను. ఆ రెండు రోజులూ అన్నీ సవ్యంగా జరిగాయి.

ఏడో రోజున ఎవరికీ చెప్పకుండా సాయంత్రం నాలుగు గంటలకు వెళ్లాను. అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. పైనుంచి వేలాడవలసిన బెల్లు తీగను చుట్టచుట్టి పరదా కడ్డీకి కట్టేశారు. ఎడమ చెయ్యి పనిచేస్తున్న అమ్మకు కూడా అది అందదు. ఒక అమ్మాయి వచ్చి, మంచం తల వైపు ఎత్తకుండానే చెంచాతో నీళ్లు పోయబోయింది, అమ్మకు పొలమారి కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. పక్షవాతంలో మింగడం దెబ్బతిన్నవారిని నిటారుగా కూర్చోబెట్టకుండా నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉందని డిశ్చార్జి రోజునే డాక్టరుగారు చెప్పి, ద్రవాలను చిక్కగా చేసి ఇమ్మన్నారు. ఆ కాగితం ఫైల్లోనే ఉంది, ఆ అమ్మాయి దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆమె నర్సు కూడా కాదు. తెల్ల కోటు వేసుకున్నవారందరినీ మేము నర్సులనుకున్నాం. అడిగితే తెలిసింది, మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివినవారు పగలు ఒక్కరు, రాత్రి ఎవరూ లేరు, ఇరవై ఎనిమిది మందికి రాత్రి మేలుకుని ఉండేది ఇద్దరు ఆయాలు.

కాలి మేజోడు తీసి చూస్తే మడమ మీద రూపాయి బిళ్లంత మేర నల్లగా కమిలి ఉంది. పక్కకు తిప్పితే తోక ఎముక దగ్గర చర్మం చిట్లి పచ్చిగా ఉంది. కదలలేని మనిషిని మామూలుగా రెండు గంటలకొకసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. మంచం చివర తగిలించిన అట్ట మీద ఆ ఒత్తిగిలి లెక్క ఉంది. సాయంత్రం నాలుగింటికి నేను చూస్తున్న ఆ కాగితంలో రాత్రి పది వరకూ టిక్కులు పెట్టేసి ఉన్నాయి, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో. ఆ కాగితాన్ని ఫోటో తీసి తమ్ముడికి పంపాను. అతను మారుమాట రాయకుండా ఆ రాత్రే బస్సెక్కాడు.

రెండు రోజులు తమ్ముడు మంచం పక్కనే స్టూలు వేసుకుని గడియారం చూస్తూ అమ్మను తిప్పాడు; నేను మళ్లీ ఊరు మీద పడ్డాను. ఆ తొందరంతా పోయి, తమ్ముడు మొదటిసారిగా ‘నువ్వు నిదానంగానే చూడక్కా, నేను ఇక్కడే ఉంటాను’ అన్నాడు.

బిల్లు సంగతి చెప్పాలి. తొమ్మిది రోజులకూ నెల మొత్తం 45,000 వేశారు. డైపర్లు 45, ఒక్కొక్కటి 65 చొప్పున 2,925. అదే రకం బయట పది ఉన్న ప్యాకెట్టు 380కి దొరుకుతోంది, పైగా రెండు ప్యాకెట్లు మేమే కొనిచ్చాం. యూరిన్ పైపు సంరక్షణకు రోజుకు 150 చొప్పున 1,350, షుగరు పరీక్షకు 1,800, ఆరు ఫిజియోథెరపీలకు 3,600, చేతొడుగులూ దూదీ వగైరాలకు 2,325. ఫిజియోథెరపిస్టు వచ్చింది రెండుసార్లేనని పక్క మంచం ఆవిడ కూతురు చెప్పింది. ఇవన్నీ కలిపి 57,000, దాని మీద జీఎస్టీ అని 10,260. రసీదు మీద జీఎస్టీ నంబరు మాత్రం లేదు. నెల ముందు నోటీసు ఇవ్వలేదని డిపాజిట్‌లో 45,000 పట్టుకుని 5,000 తిరిగిచ్చారు. ఆ నిబంధన ఒప్పందం తొమ్మిదో పేజీలో ఉంది, మేము చదవలేదు. పుండు పడడానికి కారణం వారే అయినప్పుడు నోటీసు ఎలా అడుగుతారని తమ్ముడు అడిగితే, ‘వయసు వల్ల వస్తాయండీ’ అన్నారు. వయసు వల్ల చర్మం పలచబడుతుంది, నిజమే. అందుకే గదా తిప్పమని నెలకు నలభై ఐదు వేలిచ్చింది! వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాను. ఇది రాస్తున్న నాటికి ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

రెండో వెతుకులాటలో నేను పగలు ఎక్కడికీ వెళ్లలేదు. రాత్రి ఎనిమిది దాటాక, ముందు ఫోను చేయకుండా వెళ్లాను. లోపలికి రానివ్వని చోట్లను అక్కడికక్కడే కొట్టేశాను. ఆ విధంగా అల్వాల్‌లో ఒక పాత డాబా ఇంటికి చేరాను. పద్ధెనిమిది పడకలు, సున్నం వెలిసిన గోడలు, హాలులో ఒకే ఒక టీవీ. పగలు చూసి ఉంటే తమ్ముడు కారు దిగేవాడు కాదు. లోపల ఒక ఆయా ఒక పెద్దావిడను దిండ్ల దన్నుతో కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి, చిక్కటి జావ చెంచాలో సగం సగం పెడుతూ, ‘అమ్మమ్మా, జర మింగు, మింగినంక ఇంకోటి పెడ్త’ అంటూ గొంతు కదిలేదాకా ఆగుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూసిన ఇరవై నిమిషాల్లోనూ ఆమె తొందరపడలేదు. మంచం పక్కన దారంతో కట్టిన నోటుపుస్తకం: ‘10 ఎడమ, 12 వెల్లకిల, 2 కుడి’ అని తెలుగులో, నీలం ఇంకు ఒకచోట, నలుపు ఒకచోట, ఒక్కోసారి కొట్టివేతలతో, గంట గంటకూ మారిన చేతిరాతలతో ఉంది. ఆ కొట్టివేతలే నాకు నమ్మకం కలిగించాయి.

అక్కడి యజమానురాలు మాజీ నర్సు. రాత్రికి ఒక ఏఎన్ఎం (సహాయక నర్సు), ముగ్గురు ఆయాలు మేలుకుని ఉంటారు. నెలకు 32,000, అడ్వాన్సు ఒక నెలది, వెళ్లిపోవాలంటే వారం ముందు చెబితే చాలు. డైపర్లు మనమే కొనివ్వాలి, ఎన్ని వాడారో పుస్తకంలో రాస్తారు. అదనంగా దేనికెంతో ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మంటే అడిగిన వెంటనే ఇచ్చారు. లోపాలు లేకపోలేదు: డాక్టరు వారానికి రెండుసార్లే వస్తారు, భోజనంలో ఉప్పు తక్కువ, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు చూడడానికి రానివ్వరు. నాకు అవి పెద్ద లోపాలుగా కనిపించలేదు.

ఈ ఖర్చుకు బీమా వస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. డెబ్బై నిండినవారికి 2024 నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి ఐదు లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు పనికొస్తుంది. ఇలాంటి ఇళ్లలో ఉండి చేయించుకునే సేవకు కాదు. అందువల్ల అమ్మకు జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, అక్కడ ఆ కార్డు చెల్లుతుందా అన్నది చేర్చే ముందే అడిగి తెలుసుకోవాలి. జీఎస్టీ విషయంలోనూ ఒక మాట: ధార్మిక సంస్థగా ఆదాయపు పన్ను శాఖలో నమోదై, అరవై నిండినవారి దగ్గర నెలకు 25,000 మించకుండా తీసుకునే వృద్ధాశ్రమాలకు దాని నుంచి మినహాయింపు ఉంది, బిల్లులో పన్ను వేస్తే నంబరున్న రసీదు అడగండి.

నేను ఏ ఇంటి పేరూ రాయలేదు. ఆరు నెలల్లో ఇద్దరు ఆయాలు మానేస్తే మంచి ఇల్లు కూడా మారిపోతుంది, అందువల్ల ఎవరికి వారు వెళ్లి చూసుకోవలసిందే. వెళ్లినప్పుడు మంచాల్లో ఉన్నవారి మడమలు, గోళ్లు, పెదవులు చూడండి. బెల్లు నొక్కి ఎంతసేపటికి వస్తారో చూడండి. అక్కడికి వచ్చిన మరొక పేషెంటు బంధువుతో బయట గేటు దగ్గర మాట్లాడండి. మేనేజరు చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

గచ్చిబౌలి నుంచి అల్వాల్‌కు అంబులెన్సుకు 3,500 అయింది. ఆ రాత్రి ఆ ఆయాయే అమ్మ పాదాల కింద దుప్పటి మడత పెట్టి, బెల్లు తీగను ఎడమ చేతి మణికట్టు పక్కన దిండుకు పిన్నీసుతో గుచ్చింది. అమ్మ దాన్ని రెండుసార్లు నొక్కి చూసింది. రెండుసార్లూ ఆమె వచ్చింది. నడుము కింది పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది, మడమ మీది మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. తమ్ముడు నెలకు రెండుసార్లు వస్తున్నాడు, వచ్చినప్పుడల్లా ముందు ఆ నోటుపుస్తకం తిరగేసి, తరువాతే అమ్మ పక్కన కూర్చుంటున్నాడు.