వికీపీడియా పేజీ పెట్టిస్తామని డబ్బులడిగేవాళ్లతో జాగ్రత్త

చిన్న ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, డ్యాన్స్ స్కూళ్లు నడుపుకునేవాళ్లు, సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునే రచయితలు ఇది ఓపిగ్గా చదవండి. "మీ పేరు మీద వికీపీడియా పేజీ పెడతాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్క రూపాయి కూడా కట్టకండి.

గుంటూరులో నాట్య పాఠశాల నడిపే మా చిన్నాన్న కూతురికి జరిగింది ఇది. ఇంగ్లీషు వికీపీడియాలో పేజీ పెడతామని, జీవితకాలం గ్యారంటీ అని 40,000 రూపాయలు తీసుకున్నారు. పేజీ వచ్చింది కూడా. పిల్లల తల్లిదండ్రులందరికీ సంబరంగా పంపుకుంది. కొన్నాళ్లకే పేజీ పైభాగంలో నోటీసు పడింది, దీన్ని ఉంచాలా తీసేయాలా అన్న చర్చ నడుస్తోందని. ఆ సాయంత్రమే వాట్సాప్‌లో మెసేజ్: "మేడం, టెన్షన్ పడొద్దు. అడ్మిన్ మనవాడే. నెలకు 3,000 కడితే మీ పేజీని ఎవరూ ముట్టుకోరు." భయపడి కట్టింది. పేజీ పోయింది, వాళ్ల నంబరు కూడా పనిచేయడం లేదు.

ఇది పాత మోసమే. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి ముఠా ఒకటి దొరికింది. 381 ఖాతాలను నిరోధించి, 210 వ్యాసాలు తొలగించారు. తిరస్కరణకు గురైన వ్యాసాలేవో చూసుకుని, వాటి తాలూకు మనుషులకే ఫోన్లు, మెయిళ్లు చేసేవాళ్లు. ముందు పేజీకి డబ్బు, తర్వాత దాన్ని కాపాడతామని నెలనెలా మామూళ్లు.

"అడ్మిన్ మనవాడే" అంటే చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు నమ్ముతున్నారు? అక్కడ అధికారం నిజంగానే కొద్దిమంది చేతుల్లో ఉంది కాబట్టి. ఇంగ్లీషు వికీపీడియాలో నెలకు లక్ష మందికి పైగా రాస్తారు. పేజీ తొలగించే, ఖాతా నిరోధించే మీట ఉన్న నిర్వాహకులు (అడ్మిన్లు) మాత్రం వెయ్యి మంది లోపే. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో చాలామటుకు బయటివాళ్లకు తెలియదు. బ్రోకర్లు బతికేది ఈ చీకట్లోనే.

ఆ మీట దుర్వినియోగం కాలేదా అంటే, అయింది. వైఫైవన్ అనే పేరుతో పనిచేసిన నిర్వాహకుడు ఐఐపీఎం అనే మేనేజ్‌మెంట్ కాలేజీ వ్యాసంలో ఏకపక్షంగా దిద్దుబాట్లు చేశాడని తేల్చి 2015లో అక్కడి వివాదాలు తీర్చే మధ్యవర్తిత్వ మండలి అతణ్ణి బహిష్కరించింది. అప్పటికే ఏళ్లు గడిచాయి. కాలేజీ గురించి ఆరా తీయడానికి ఆ పేజీ తెరిచిన పిల్లలను, లక్షల ఫీజు కట్టిన తల్లిదండ్రులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. క్రొయేషియన్ వికీపీడియా సంగతి ఇంకా ఘోరం. కొద్దిమంది నిర్వాహకులు చరిత్రనే వక్రీకరిస్తున్నారని, దాన్ని నమ్మొద్దని 2013లో ఆ దేశ విద్యామంత్రే విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. దీనిమీద, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ నివేదిక వచ్చేసరికి 2021 అయింది.

నిర్వాహకులంతా ఇలాంటివాళ్లని నేననను. ఎక్కువమంది జీతం భత్యం లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని చెత్త ఏరేవాళ్లే. కానీ ఎంత పెద్ద నిర్వాహకుడైనా మీ పేజీకి జీవితకాలం గ్యారంటీ ఇవ్వలేడు. తొలగింపు చర్చ మామూలుగా వారం రోజులు బహిరంగంగా నడుస్తుంది, ఎవరైనా మాట్లాడొచ్చు. ఒకరు ఉంచిన పేజీని రేపు ఇంకొకరు మళ్లీ చర్చకు పెట్టొచ్చు. లేని అధికారాన్నే మీకు అమ్ముతున్నారు.

ఇంకా ఎవరైనా వెంటపడితే ఒక్కటి అడగండి: "మీ వికీపీడియా ఖాతా పేరేంటి? డబ్బు తీసుకుని రాస్తున్నట్టు అందులో ప్రకటించారా?" 2014 నుంచి ఇది వికీమీడియా వాడుక నియమాల్లోనే ఉంది. ఎవరి డబ్బుతో, ఎవరి కోసం రాస్తున్నారో చెప్పి తీరాలి. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి.

మీ గురించి మీతో సంబంధం లేని పత్రికలు, పుస్తకాలు వివరంగా రాసి ఉంటే, పేజీ పెట్టమని అక్కడి వాడుకరులను పైసా ఖర్చు లేకుండా అడగొచ్చు. తెలుగు వికీపీడియాలోనైతే రచ్చబండ అనే చర్చా పేజీలో అడగండి, మన భాషలోనే జవాబిస్తారు. అలాంటి ఆధారాలు లేకపోతే ఎంత పోసినా పేజీ నిలబడదు.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు సిగ్గుపడి ఊరుకోకండి. చాట్లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది.