పదేళ్లుగా అమీర్‌పేటలోనే దిగుతున్నాం: హైదరాబాద్‌కి పనిమీద వచ్చేవాళ్ల కోసం

మాది తాడేపల్లిగూడెం. 2014 నుంచి ఏడాదికి నాలుగైదు సార్లు హైదరాబాద్ వస్తూనే ఉన్నాం. మొదట అమ్మ కంటి ఆపరేషన్, తర్వాత పెద్దాడి కోచింగ్, మా ఆయన వైద్యం, చిన్నదాని వీసా, మధ్యమధ్యలో పెళ్లిళ్లు. బంధువులు లేక కాదు, ఉన్నారు. కానీ రెండు గదుల ఫ్లాట్‌లో పిల్లలతో సర్దుకుంటున్న వాళ్లింటికి రోగిని తీసుకెళ్లి వారం రోజులు ఉండాలంటే మనసొప్పదు. అందుకని ఎప్పుడూ బయటే గది తీసుకుంటాం. సికింద్రాబాద్, లక్డీకాపూల్, కూకట్‌పల్లి, గచ్చిబౌలి అన్నీ చూశాక అమీర్‌పేట, ఎస్సార్ నగర్ దగ్గర కుదురుకున్నాం. అక్కడి సుఖమూ చెప్తాను, ఇబ్బందీ చెప్తాను.

మొదటిసారి చేసిన తప్పు నాకు ఇప్పటికీ గుర్తే. రైలు దిగగానే గది ఉంటే అమ్మకి హాయిగా ఉంటుందని సికింద్రాబాద్ స్టేషన్ ఎదురు వీధిలో ఒక లాడ్జిలో దిగాం. ఆస్పత్రేమో బంజారాహిల్స్‌లో. పొద్దున్న ఎనిమిదింటికి అక్కడ ఉండాలంటే ఆరున్నరకే ఆటో ఎక్కాలి. అప్పటికింకా మెట్రో లేదు. ఆపరేషన్ అయ్యాక కంటికి కట్టుతో అమ్మని ఆ దుమ్ములో, ఆ ట్రాఫిక్‌లో రోజూ తిప్పాల్సి వచ్చింది. ఆవిడ ఒక్క మాటా అనలేదు కానీ, మూడో రోజు ఆటోలో నా భుజం మీద తల వాల్చేసింది. అప్పుడు తట్టింది నాకు. స్టేషన్‌తో మనకి పని రెండే సార్లు, వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ. ఆస్పత్రికి మాత్రం రోజూ వెళ్లి రావాలి. గది దేనికి దగ్గరగా ఉండాలో అక్కడే తేలిపోయింది. మర్నాడే ఆ గది ఖాళీ చేసి అమీర్‌పేట వైపు మారాం. అక్కడి నుంచి శ్రీనగర్ కాలనీ మీదుగా ఆటోలో ఆస్పత్రి ఎంతో దూరం కాదు.

ఆ తర్వాత రెండు మూడేళ్లు అమీర్‌పేటలోనూ కష్టాలు పడ్డాం. మెట్రో పనులతో రోడ్డంతా తవ్వేసి ఉండేది. 2017 నవంబర్‌లో మియాపూర్, నాగోల్ మధ్య రైళ్లు మొదలయ్యాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఎల్బీ నగర్ వరకూ, 2019లో హైటెక్ సిటీకి, ఆపైన రాయదుర్గానికి లైను వచ్చింది. ఎరుపు లైనూ నీలం లైనూ కలిసేది అమీర్‌పేటలోనే కాబట్టి అప్పట్నుంచీ మా తిరుగుడు సగానికి తగ్గింది. నిమ్స్ ఆస్పత్రికి వెళ్లాలంటే పంజాగుట్ట పక్క స్టేషనే. నీలోఫర్ పిల్లల ఆస్పత్రికో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో అయితే లక్డీకాపూల్‌లో దిగాలి. ఎంజీబీఎస్ బస్‌స్టాండుకీ, దిల్‌సుఖ్‌నగర్‌కీ, ఇటు కూకట్‌పల్లికీ ఒకటే రైలు. కోఠిలో చీరలు కొనాలంటే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే చాలు. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ జరుగుతున్నన్నాళ్లూ అటువైపు గది తీసుకుంటే బండి కదలదు. అమీర్‌పేటలో ఉండి, సాయంత్రం మెట్రోలో వెళ్లి చూసి రావచ్చు.

ఒక్క జాగ్రత్త. అమీర్‌పేట స్టేషన్‌లో ఆఫీసు వేళల్లో తొక్కిడి ఎక్కువ. ఒక లైను దిగి రెండోది ఎక్కడానికి అంతస్తు మారాలి, పెద్దవాళ్లకి అది కష్టం. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు వెంట ఉంటే ఎస్సార్ నగర్ స్టేషన్ దగ్గరో మధురానగర్ స్టేషన్ దగ్గరో గది చూసుకోండి. ఒక్క స్టేషన్ తేడాలో జనం పలచబడతారు. మేం 2019 తర్వాత ఎక్కువగా ఎస్సార్ నగర్ లోపలి వీధుల్లోనే ఉంటున్నాం.

ఇక లాడ్జిల సంగతి. మా వైపు నుంచి రాత్రి బస్సు ఎక్కితే విజయవాడ, హయత్‌నగర్, ఎల్బీ నగర్ మీదుగా తెల్లవారుజామున ఐదింటికల్లా అమీర్‌పేటలోని మైత్రీవనం దగ్గర దింపేస్తుంది. యాప్‌లో బుక్ చేసుకునే హోటళ్లు చాలావరకు మధ్యాహ్నం పన్నెండింటికి గాని గది ఇవ్వవు. ఐదు నుంచి పన్నెండు దాకా రోగితో ఎక్కడ కూర్చుంటాం? ఒకసారి మా ఆయన రిసెప్షన్ సోఫాలోనే ఏడు గంటలు కూర్చున్నారు. ముందే ఫోన్ చేసి అడిగితే తెల్లారేసరికే ఇస్తామన్నవాళ్లు, తీరా వెళ్లాక సగం రోజు అద్దె అదనంగా కట్టమన్నారు. అందుకే నేను ఇప్పుడు ఫోన్‌లో మొదట అడిగేది అద్దె కాదు, ‘మీది 24 గంటల చెకౌటా?’ అని. అమీర్‌పేట, లక్డీకాపూల్ వైపు పాత లాడ్జిల్లో ఈ పద్ధతి ఇంకా ఉంది. పొద్దున్న ఐదింటికి దిగితే మర్నాడు ఐదింటి వరకూ గది మనదే. రాత్రి బస్సులో వచ్చి మర్నాటి రాత్రి బస్సుకి తిరిగెళ్లే వాళ్లకి దీనివల్ల ఎంత డబ్బు మిగులుతుందో లెక్క వేసుకోండి. బస్సు ఎక్కే ముందు ఒకసారి, హయత్‌నగర్ దాటాక ఒకసారి ఫోన్ చేస్తే గది తుడిపించి ఉంచుతారు.

గది చూపించినప్పుడు ముందు కిటికీ చూడండి. అక్కడ చాలా గదులకి కిటికీ ఉండదు, ఉన్నా పక్క బిల్డింగు గోడకి తెరుచుకుంటుంది. ఒక్క రాత్రికైతే పర్వాలేదు. వారం ఉండాలంటే మాత్రం ఊపిరాడనట్టు ఉంటుంది. మెయిన్ రోడ్డు వైపు గదైతే హారన్లు అర్ధరాత్రి వరకూ ఆగవు, అందుకే వెనక వైపు, రెండో అంతస్తు అడుగుతాను. లిఫ్ట్ ఉంది అంటారు, పని చేస్తోందా అని కూడా అడగాలి. నిరుడు మేం రోజుకి 1,800 రూపాయలిచ్చి ఇద్దరికి ఏసీ గది తీసుకున్నాం. శుభ్రంగానే ఉంది.

నన్ను అక్కడ కట్టిపడేసింది తిండి. కోచింగ్ పిల్లలు, హాస్టళ్లు ఎక్కువ కాబట్టి అడుగడుగునా కర్రీ పాయింట్లు, మెస్సులు ఉన్నాయి. పప్పు, ఒక కూర, పెరుగు విడిగా కట్టించుకోవచ్చు. ఉప్పు తక్కువ తినాల్సిన మా ఆయనకి ఇంతకన్నా ఏం కావాలి? ఒక చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్లి గదిలో అన్నం వండుకుంటాను (లాడ్జి వాళ్లని అడిగే). తొలిసారి అలా గదిలో వేడన్నం తిన్న రోజు ఆయన ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నట్టుంది’ అన్నారు. రాత్రి పదకొండింటికి కూడా మందుల షాపు తెరిచి ఉంటుంది. ఆడవాళ్లం ఒంటరిగా వెళ్లి తెచ్చుకోవడానికి భయపడాల్సిన పని నాకెప్పుడూ రాలేదు.

ఇబ్బందుల్లో మొదటిది వాన. గట్టి వాన ఒక గంట పడితే మైత్రీవనం దగ్గర మోకాళ్లలోతు నీళ్లు నిలుస్తాయి. ఆగస్టులో ఒకసారి మెట్రో మెట్ల మీదే రెండు గంటలు నిలబడిపోయాం. వానాకాలంలో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే నేను సాయంత్రం టైమ్ ఇవ్వద్దని అడుగుతాను. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం జరిగే మంగళవారం చుట్టుపక్కల రోడ్లన్నీ మళ్లిస్తారు. అమ్మవారిని చూడాలనుకుంటే అది మంచి రోజే. ఆస్పత్రి పని ఉంటే మాత్రం ఆ రోజు వద్దు. వినాయక నిమజ్జనం రోజు ఊళ్లో ఎక్కడున్నా అంతే.

అమీర్‌పేట అన్నిటికీ సరిపోదు. 2018లో పెద్దాడి అమెరికా వీసా ఇంటర్వ్యూ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో జరిగింది (అప్పుడు కాన్సులేట్ అక్కడే), గది నుంచి ఆటోలో వెళ్లిపోయాం. 2023 మార్చిలో అమెరికన్ కాన్సులేట్ గచ్చిబౌలి పక్కన నానక్‌రామ్‌గూడకి మారింది. చిన్నదాని వేలిముద్రలకి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే సెంటర్ కాబట్టి అమీర్‌పేట నుంచి 20 నిమిషాల్లో చేరాం. ఇంటర్వ్యూ మాత్రం మర్నాడు పొద్దున్నే. రాయదుర్గంలో దిగాక ఆటో దొరుకుతుందో లేదో, ట్రాఫిక్ ఎలా ఉంటుందో అని పిల్లకి ముందే టెన్షన్. ఆ ఒక్క రాత్రికి గచ్చిబౌలిలో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అద్దె దాదాపు రెట్టింపు, చుట్టుపక్కల మన తిండి దొరకడం కష్టం, అయినా ఆ డబ్బు దండగ కాలేదు. పిల్ల కంటినిండా నిద్రపోయి వెళ్లింది. పసిపిల్లని నీలోఫర్‌లో చూపించాల్సి వస్తే అమీర్‌పేట కూడా వద్దు. రెడ్‌హిల్స్, లక్డీకాపూల్‌లోనే ఉండండి. పసివాళ్లతో ఒక్కోసారి అర్ధరాత్రి పరుగెత్తాల్సి వస్తుంది, ఆ వేళకి మెట్రో ఉండదు. తెల్లవారుజాము ఫ్లైట్ ఉన్నవాళ్లకి మెహదీపట్నం వైపు నయం. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు వైపు వెళ్లే ఫ్లైఓవర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ వరకూ సిగ్నల్ ఉండదు.

కూకట్‌పల్లి పెళ్లిళ్లకి తప్ప ఇంకెందుకూ దిగలేదు కాబట్టి ఎక్కువ చెప్పలేను. అక్కడి కేపీహెచ్‌బీ కాలనీలో మన ఊరివాళ్లే కనిపిస్తారన్నది మాత్రం నిజం.

రైల్లో వచ్చేవాళ్లు ఇప్పుడు టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చూసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్‌ని తిరిగి కడుతున్నారు, కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. అక్కడి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. స్టేషన్ పెద్దది, బాగుంది, కానీ మెట్రో లేదు. తెల్లవారుజామున సామానుతో దిగి అమీర్‌పేటకి క్యాబ్ మాట్లాడుకుంటే ఒక్కోసారి రైలు టికెట్ కన్నా ఎక్కువవుతుంది. మేం అందుకే మళ్లీ రాత్రి బస్సుకి మారాం.

చిన్నదానికి వీసా వచ్చింది కానీ వెళ్లలేదు, ఉప్పల్‌లో ఉద్యోగంలో చేరింది. వచ్చే నెల దాన్ని చూడ్డానికి వెళ్తున్నాం. ఈసారి ఆస్పత్రి పని లేదు, రోజూ వెళ్లాల్సింది పిల్ల దగ్గరికే. కాబట్టి ఉప్పల్ వెళ్లే మెట్రో దారిలోనే ఉన్న తార్నాకలో, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో గది వెతుకుతున్నాను. నిన్న రెండు చోట్లకి ఫోన్ చేశాను. ఒకచోట 24 గంటల చెకౌట్ ఉందన్నారు, వెనక వైపు గదికి కిటికీ ఉందో లేదో చూసి చెప్తామన్నారు.