దొంగెవరో తెలిశాక కూడా చూడాలనిపించే గ్రనాడా షెర్లాక్ హోమ్స్

డిటెక్టివ్ కథకు ఒక చిక్కుంది. హంతకుడెవరో తెలిసిపోయాక దాన్ని మళ్లీ ముట్టుకోబుద్ధి కాదు. బస్టాండు కొట్లలో కొన్న పాకెట్ నవలలు మా ఇంట్లో ఎన్ని పోగుపడినా, రెండోసారి తెరిచినవి చాలా తక్కువ. అలాంటిది, జెరెమీ బ్రెట్ షెర్లాక్ హోమ్స్‌గా నటించిన బ్రిటిష్ సీరియల్‌ని మాత్రం ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను. ఏ కథలో ఎవరు దొంగో, ఏ గదిలో ఏ గోడకు కన్నం ఉందో అన్నీ తెలుసు. అయినా సాయంత్రం కాస్త తీరిక దొరికితే చెయ్యి ఆ డిస్కుల పెట్టె మీదికే పోతుంది. హోమ్స్ నేరాన్ని ఛేదించే తీరు ఒకటి రెండుసార్లు చూస్తే సరిపోతుంది. కష్టంలో వచ్చిన మనిషి చెప్పుకునేది అతను వినే తీరు మాత్రం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఈ సీరియల్ మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్ తీసింది. మొదటి భాగం 1984 ఏప్రిల్ 24న బ్రిటన్‌లో ప్రసారమైంది, చివరిది 1994లో. పదేళ్లలో మొత్తం 41 భాగాలు వచ్చాయి: గంట నిడివివి 36, సినిమా అంత పొడవున్నవి 5. కోనన్ డాయిల్ రాసిన హోమ్స్ కథలు, నవలలు కలిపి 60. అన్నీ తీసేదాకా బ్రెట్ బతకలేదు. 1995 సెప్టెంబరులో, 61 ఏళ్లకే పోయాడు.

వినడం అన్నాను కదా, అదేమిటో చెప్తాను. దాదాపు ప్రతి కథా లండన్‌లో హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్ గదిలో ఒక మనిషి కుర్చీలో కూర్చుని తన గోడు చెప్పుకోవడంతో మొదలవుతుంది. ఇప్పటి దర్శకుడైతే ఆ ఘట్టాన్ని రెండు నిమిషాల్లో తేల్చేసి పరుగుల మీదకు వెళ్లిపోతాడు. వీళ్లు తొందరపడరు. ‘ది కాపర్ బీచెస్’లో వయొలెట్ హంటర్ అనే పంతులమ్మ వస్తుంది. మంచి జీతమిచ్చి పిల్లవాడికి చదువు చెప్పమంటున్నారు, కానీ జుట్టు కత్తిరించుకోవాలట, చెప్పిన గౌను వేసుకుని చెప్పిన చోట కూర్చోవాలట. నతాషా రిచర్డ్‌సన్ ఆ పాత్ర వేసింది. డబ్బు అవసరమూ, ఏదో తేడాగా ఉందన్న అనుమానమూ రెండూ ఆమె గొంతులో వినిపిస్తాయి. బ్రెట్ మొదట విసుగ్గా ఉంటాడు. అతని మొహంలో ఆ విసుగు కాస్తా శ్రద్ధగా, శ్రద్ధ కాస్తా ఆమె గురించిన భయంగా మారడం చూస్తాం. మా అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా పక్కన కూర్చుని ఆ సన్నివేశం మొత్తం చూసి, “ఆ పిల్ల చెప్పేది ఎంత మనసుపెట్టి వింటున్నాడే!” అంది. నేను చెప్పాలనుకున్నది కూడా అదే.

‘ది రెడ్ హెడెడ్ లీగ్’ ఇంకో రకం. ఎర్రజుట్టు ఉన్నందుకు వారానికి నాలుగు పౌన్లు ఇచ్చి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వాన్ని చేత్తో ఎత్తి రాయమన్నారని, ఉన్నట్టుండి ఆ ఉద్యోగం పోయిందని ఒక వడ్డీవ్యాపారి మొరపెట్టుకుంటాడు. హోమ్స్, అతని స్నేహితుడు డాక్టర్ వాట్సన్ ఇద్దరూ నవ్వాపుకోలేరు. పాపం ఆయనకు కోపం వస్తుంది, లేచి వెళ్లిపోతానంటాడు. బతిమాలి కూర్చోబెడతారు. ఆ నవ్వులో ఎకసెక్కం లేదు. ఇంత వింత కథ ఎదురైనందుకు పుట్టిన ఆనందం అది. మా ఇంట్లో అందరూ కలిసి చూసే భాగం ఇదే.

ఇక వాట్సన్. పాత హాలీవుడ్ సినిమాల్లో హోమ్స్‌గా వేసిన బేసిల్ రాత్‌బోన్ పక్కన నైజెల్ బ్రూస్ వేసిన వాట్సన్ తడబడే ముసలాయన, జనాన్ని నవ్వించడానికి పెట్టిన పాత్ర. గ్రనాడా నిర్మాత మైకేల్ కాక్స్ ఆ అలవాటును తుడిచేశాడు. ఇక్కడ వాట్సన్ యుద్ధం చూసొచ్చిన డాక్టరు, ధైర్యవంతుడు, బుద్ధిమంతుడు. మొదటి 13 భాగాల్లో డేవిడ్ బర్క్ వేశాడు. తర్వాత ఆయన రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో నాటకాలకు వెళ్లిపోతే ఎడ్వర్డ్ హార్డ్‌విక్ వచ్చాడు. నటుడు మారడానికి కథ కూడా కలిసొచ్చింది: హోమ్స్ జలపాతంలో పడి పోయాడనుకున్నాక మూడేళ్లకు తిరిగొచ్చే ‘ది ఎంప్టీ హౌస్’లోనే మనకు కొత్త వాట్సన్ కనిపిస్తాడు. మూడేళ్లు దుఃఖం మోసిన మనిషి మారకుండా ఎలా ఉంటాడు? బర్క్ చురుకైనవాడు, కళ్లల్లో చిలిపితనం ఉన్నవాడు. ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోమంటే నాకు హార్డ్‌విక్. స్నేహితుడు తిండి మానేసినా, ఒళ్లు పాడుచేసుకుంటున్నా ఆయన ఒక్క చూపుతో మందలిస్తాడు. పెద్దరికమూ ప్రేమా రెండూ ఆ చూపులో ఉంటాయి.

మొత్తం సీరియల్లో ఒక్క నిమిషమే చూపించమంటే ‘ది సిక్స్ నెపోలియన్స్’ చివరి ఘట్టం చూపిస్తాను. లెస్ట్రేడ్ అనే పోలీసు అధికారి మొదట్నించీ హోమ్స్‌తో పోటీపడేవాడు, ఎన్నోసార్లు మాట పడ్డవాడు. ఆ రోజు కేసు తేలాక, స్కాట్లండ్ యార్డులో మీరంటే మాకెవరికీ అసూయ లేదు, గర్వంగా ఉంది, రేపు మీరు అక్కడికొస్తే అందరూ మీతో చెయ్యి కలపడానికి ముందుకొస్తారు అంటాడు. లెస్ట్రేడ్‌గా వేసిన కాలిన్ జీవన్స్ ఆ మాటలు ఏ ఆర్భాటమూ లేకుండా చెప్తాడు. బ్రెట్ చేసేది చాలా తక్కువ. పెదవి కొద్దిగా అదురుతుంది, కళ్లు చెమ్మగిల్లబోతాయి, గొంతులో ఓ ముక్క కృతజ్ఞత బయటికొస్తుంది, వెంటనే మామూలు మనిషైపోతాడు. మనసు లేదనుకున్న మనిషికి ఎంత మనసుందో అక్కడ తెలుస్తుంది. అసలు కథలోనూ ఆ మాటలు ఉన్నాయి, చదివినప్పుడు నాకు అంతగా పట్టలేదు.

మూలకథ మీద వీళ్ల గౌరవం అడుగడుగునా కనిపిస్తుంది. హోమ్స్ అలవాట్లు, బట్టలు, తిండి, గదిలో వస్తువులు అన్నిటినీ కథల్లోంచి ఏరి కాక్స్ బృందం 77 పేజీల ఫైలు తయారుచేసుకుంది. ఆ కథలు మొదట అచ్చయిన స్ట్రాండ్ పత్రికలో సిడ్నీ పాజెట్ వేసిన బొమ్మలను దగ్గర పెట్టుకుని కొన్ని సన్నివేశాలను అచ్చం అలాగే అమర్చారు. బేకర్ స్ట్రీట్‌ను మాంచెస్టర్‌లో తమ స్టూడియో ఆవరణలోనే కట్టారు. ‘ది ఫైనల్ ప్రాబ్లమ్’ కోసం మాత్రం స్విట్జర్లాండ్‌లోని రైషెన్‌బాక్ జలపాతం దగ్గరికే వెళ్లారు. పాట్రిక్ గవర్స్ వయొలిన్ సంగీతం మొదలై, ఆ వీధి, బళ్లు, కిటికీలోంచి కిందికి చూసే హోమ్స్ కనిపిస్తే చాలు, మా ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

అయితే గుడ్డిగా నకలు చెయ్యలేదు. ‘ది డెవిల్స్ ఫుట్’లో హోమ్స్ తన మత్తుమందు సిరంజిని కార్న్‌వాల్ సముద్రతీరంలో ఇసుకలో పాతిపెడతాడు. ఇది డాయిల్ రాసింది కాదు. పిల్లలు కూడా ఈ సీరియల్ చూస్తున్నారని తెలిసి బ్రెట్ కోరాడు, డాయిల్ కూతురు డేమ్ జీన్ ఒప్పుకుంది. నాకది సరైన మార్పనిపిస్తుంది.

భారతీయులుగా మనకు ఇబ్బంది కలిగించేవి కొన్నున్నాయి, దాచను. ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’లో దుర్మార్గుడు కలకత్తాలో వైద్యం చేసి వచ్చినవాడు, చంపే పాము ఇండియాది. ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో నిధి ఆగ్రాది. ఇండియా అంటే విషమూ, శాపమూ, దొంగసొమ్మూ దొరికే చోటు. అన్నిటికంటే బాధపెట్టేది ఆ సినిమాలో అండమాన్ మనిషి టోంగాను చూపించిన తీరు. 1890 నాటి నవలలోని చిన్నచూపును 1987లో అలాగే తెర మీదికి తెచ్చారు. అది తప్పే. మా అమ్మాయితో చూసినప్పుడు అక్కడ ఆపి, అండమాన్ జాతుల గురించి మాట్లాడుకున్నాం. మీరూ పిల్లలతో చూస్తే అలా చెయ్యండి.

1992, 93ల్లో వచ్చిన మూడు పెద్ద సినిమాలు నాకు నచ్చవు. చిన్న కథను రెండు గంటలకు సాగదీస్తే ఏమవుతుందో అదే అయింది. ‘ది ఎలిజిబుల్ బాచిలర్’లో పీడకలలు, లేనిపోని భయంకరత్వం తెచ్చిపెట్టారు. అప్పటికే బ్రెట్ ఆరోగ్యం క్షీణించింది. 1985లో భార్య జోన్ విల్సన్ క్యాన్సర్‌తో పోయింది. బైపోలార్ అనే మానసిక జబ్బు, దానికి వాడే లిథియం మందు, బలహీనమైన గుండె అన్నీ కలిసి మనిషి ఒళ్లు మారిపోయింది. మొదట్లో సోఫా మీదుగా ఎగిరి దూకిన మనిషి 1994 నాటికి ఊపిరి కోసం ఆయాసపడతాడు. ‘ది మజరిన్ స్టోన్’లో అయితే పరిశోధన దాదాపుగా అన్న మైక్రాఫ్ట్ చేతికి వెళ్లింది. మొదటిసారి ఈ భాగాలు చూస్తే నిరాశే కలుగుతుంది. వరసలో అన్నీ చూస్తూ వచ్చినవాళ్లకు మాత్రం ‘ది డయింగ్ డిటెక్టివ్’లో మంచం పట్టిన హోమ్స్‌ని చూడటం కష్టం. కథలో అది నటన, ఆ నటుడికి మాత్రం జబ్బు నిజం. అయినా ఆ కళ్లల్లో పదును తగ్గలేదు.

కొనేవాళ్లకు నాలుగు మాటలు. మా పెట్టె లండన్ నుంచి బంధువులు తెచ్చింది. డీవీడీలు ఏ ప్రాంతానివి ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడేలా చేస్తారు; బ్రిటన్‌వి రీజియన్ 2వి, మన దేశానిది రీజియన్ 5, కాబట్టి అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉంటేనే పని జరుగుతుంది. బొమ్మ పాతకాలపు ఫిల్ము బొమ్మ, పెద్ద టీవీలో కాస్త గరుకుగా ఉంటుంది. గ్యాస్ దీపాల వెలుతురుకు అదే బాగుందని నాకనిపిస్తుంది. సబ్‌టైటిళ్లు తప్పకుండా పెట్టుకోండి: బ్రెట్ ఒక్కోసారి గుసగుసగా, ఒక్కోసారి గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు, ఆనాటి ఇంగ్లీషు మనకు కొత్త. మొదట ‘ది రెడ్ హెడెడ్ లీగ్’, ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’, ‘ది బ్లూ కార్బంకుల్’ చూడండి. నచ్చితే 1984 నుంచి వరసగా వెళ్లండి. ఆ మూడు పెద్ద సినిమాలనూ చివరికి అట్టిపెట్టుకోండి, చూడకపోయినా నష్టం లేదు.