గాజువాక ఆటోనగర్ కార్బురేటర్ షెడ్డు: పాత మారుతి ఉన్నవాళ్లకి

మీది కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలం పరికరం) లేని ఇంజెక్షన్ కారైతే ఇక్కడికి వెళ్లక్కర్లేదు. స్కానర్ లేదు, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాళ్లు లేరు, పేరు రాసిన బోర్డు కూడా లేదు. గోడ మీద ‘కార్బురేటర్, సెల్ఫ్, డైనమో పనులు చేయబడును’ అని పెయింటుతో రాసుంటుంది, అంతే. పాత మారుతి 800నో, జెన్‌నో ఇంకా వదల్లేక తిప్పుతున్నవాళ్లు మాత్రం ఓసారి వెళ్లి చూపించండి.

మాది 1997 మోడల్ 800, ఏపీ 31 నంబరు. నాన్నగారు కొన్న బండి. ఇప్పుడు గ్రీన్ టాక్స్ కట్టి నేను నడుపుతున్నాను. పొద్దున్నే చోక్ లాగితే స్టార్టయ్యేది, సెల్ఫ్ కాస్త బరువుగా తిరిగినా సరే. లాసన్స్ బే నుంచి బయల్దేరి హైవే ఎక్కి, ఎండలో హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగానంటే టప్పున ఆగిపోయేది. ఇక ఎంత సెల్ఫ్ కొట్టినా ఉలకదు పలకదు. వెనక సిటీ బస్సు హారన్‌తో నా టెన్షన్ వేరు. పావుగంట బానెట్ ఎత్తి నిలబడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ అందుకునేది.

ఇంతకుముందు చూపించిన వర్క్‌షాప్‌లో ‘పెట్రోల్ ఆవిరైపోతోంది మేడం’ అని పంపు మార్చారు. తగ్గలేదంటే ప్లగ్గులు మార్చారు. అప్పటికీ తగ్గలేదంటే బ్యాటరీ. ఒక్కసారి కూడా మీటర్ పెట్టి చూసింది లేదు.

ఆటోనగర్ మేస్త్రి గారు అరవై దాటిన మనిషి. ‘ఆగిపోయినప్పుడు తన్నుకుంటూ ఆగుతాదా, స్విచ్చి కట్టేసినట్టు ఆగుతాదా అమ్మా?’ అని అడిగారు. స్విచ్ కట్టేసినట్టే అన్నాను. తల ఊపి తనే స్టీరింగ్ పట్టుకుని కూర్మన్నపాలెం వైపు వెళ్లొచ్చి, షెడ్డు ముందు బండి ఆన్‌లోనే వదిలేశారు. అది దానంతటది ఆగేదాకా స్పానర్ ముట్టలేదు. నాకు ముందుగా నచ్చింది ఇదే. ఎందుకంటే చల్లారిన బండిలో ఈ జబ్బు ఎంత వెతికినా దొరకదు.

ఆగీ ఆగగానే పని మొదలుపెట్టారు. కాయిల్ (ప్లగ్గుల్లో నిప్పు రావడానికి కరెంటు పెంచి పంపే డబ్బా) వైరు పీకేసి, పక్కన బీడీ వెలిగించబోతున్న ఆయన్ని గదిమి పంపేసి, కార్బురేటర్‌కి వెళ్లే పెట్రోల్ పైపు ఊడదీసి సీసాలో పెట్టారు. సెల్ఫ్ కొట్టమన్నారు. పెట్రోల్ ధారగా కాకుండా చిమ్ముచిమ్ముగా, బాగానే పడింది. క్యామ్ షాఫ్ట్ తోస్తే పనిచేసే పంపు కాబట్టి అలాగే పడాలట. అంటే పంపు మంచిదే. పాతది కూడా మంచిదే అయి ఉంటుంది, ఎవరింటికి పోయిందో.

పైపు బిగించేసి, కాయిల్ వైరు మళ్లీ తగిలించి, డిస్ట్రిబ్యూటర్ (ఆ కరెంటుని ఒక్కో ప్లగ్గుకి పంచేది) మధ్యలో ఉండే లావుపాటి వైరు తీసి, కొస ఇంజన్ ఇనుముకి కాస్త ఎడంగా పట్టి మళ్లీ కొట్టించారు. నీలంగా, చట్ చట్ మని దూకాల్సిన నిప్పు నారింజ రంగులో సన్నగా ఓసారి మెరిసింది. తర్వాత అదీ లేదు. అప్పుడు ఒక గుడ్డ బకెట్‌లో ముంచి, పిండి, కాయిల్ డబ్బాకి చుట్టారు. డబ్బా మీద ఆవిరి లేచింది. రెండు నిమిషాలాగి కీ తిప్పితే బండి అందుకుంది! లోపలి చుట్ట వేడికి తెగి, చల్లారితే మళ్లీ అతుక్కుంటోందని ఆయన లెక్క. కొత్త కాయిల్ వేశారు.

అక్కడితో వదల్లేదు. సెల్ఫ్ బరువుగా తిరగడం ఆయన చెవిన పడింది. మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే ఒక వోల్టు దాటింది. పావు వోల్టు దాటకూడదట. కిందికి దూరి ఎర్త్ పట్టీ (ఇంజన్‌ని బ్యాటరీ నెగటివ్‌కి కలిపేది) విప్పి చూపించారు. కొసలు పచ్చగా చిలుము పట్టి, పొడి రాలుతున్నాయి. ‘బీచ్ కాడ ఇల్లా అమ్మా?’ అన్నారు. ఉప్పుగాలి మా ఇంటి గ్రిల్స్‌నే తినేస్తోంది, ఇదెంత! గీకి, బిగించి, గ్రీజు పూశాక సెల్ఫ్ చురుగ్గా తిరిగింది. అసలు బ్యాటరీ మార్చాల్సిన పనే లేదన్నమాట.

కాయిల్‌కి 1,100, మజూరీ 800 తీసుకున్నారు. తీసేసిన కాయిల్ అడక్కుండానే నా చేతిలో పెట్టారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. కార్డు తీసుకోరు, బిల్లు అడిగితే డైరీ కాగితం చింపి రాసిస్తారు. ఆడవాళ్లు కూర్చోడానికి చోటు లేదు. నేను కార్లోనే కూర్చున్నాను. పొద్దున తొమ్మిదికి వెళ్తే మధ్యాహ్నం భోజనాల వేళయింది, ముందు రెండు బళ్లున్నాయి. పెయింటు, డెంటింగ్ అడక్కండి, పక్క షెడ్డు చూపిస్తారు. లాసన్స్ బే వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆఫీసుల రద్దీ మొదలవకముందే దాటేయడం మంచిది, బండి వేడెక్కితే ఆగే రకమైతే మరీను.

ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఇంకా కాస్త తక్కువగానే ఉంది. ఏసీ వేస్తే ఇంజన్ వణుకుతోంది. కార్బురేటర్ కింద గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతోందని, ఒరిజినల్ గ్యాస్కెట్ దొరికాక రమ్మన్నారు. ఈలోగా బయట దొరికే కాగితం ముక్క కోసి వేయనని తెగేసి చెప్పారు.