రెండు రోజులు, ఇద్దరే: హార్సిలీ హిల్సా, ఏలగిరా, కోటగిరా?

పిల్లలు సెలవులకు అవ్వ వాళ్ల ఊరికి పోయాక ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే మిగిలే రోజులు కొన్ని వస్తాయి. అనంతపురంలో అవి సరిగ్గా మే నెలలోనే రావాలి, పదకొండు దాటితే గడప దాటబుద్ధి కాని ఎండల్లో. ఎక్కడైనా కొండ మీద పల్లెలో రెండు రాత్రులు పడుకుని వద్దామనిపిస్తుంది. ఎవరినడిగినా మూడు పేర్లు చెబుతారు. మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్, తమిళనాడులో జోలార్‌పేట దగ్గర ఏలగిరి, నీలగిరుల్లో కోటగిరి. నంది కొండను నేను లెక్కలోకి తీసుకోలేదు. అది తెల్లవారుజామున ఎక్కి సూర్యోదయం చూసి దిగిపోయే చోటు, పైగా శని, ఆదివారాలు సగం బెంగళూరు అక్కడే ఉంటుంది.

దూరం పోయేకొద్దీ చల్లగా ఉంటుందని మనవాళ్లకు ఒక నమ్మకం. చూడాల్సింది దూరం కాదు, ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి ఎక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అనంతపురమే 335 మీటర్ల ఎత్తులో ఉంది. హార్సిలీ హిల్స్ 1,265 మీటర్లు. అంటే ఇక్కడ 41 డిగ్రీలు కాస్తున్న మధ్యాహ్నం అక్కడ 35 ఉంటుంది. బ్యాగులో స్వెట్టర్లు సర్దుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఏలగిరి అంతకంటే తక్కువ, 1,110 మీటర్లే. రెట్టింపు దూరం పోయి ఒక డిగ్రీ పోగొట్టుకోవడమన్నమాట! కోటగిరి దాదాపు 1,800 మీటర్లు. ఎత్తు లెక్కన పది డిగ్రీల దాకా తగ్గాలి. తేయాకు తోటలు, కొండ మడతల్లో దట్టంగా పెరిగే షోలా అడవి, సాయంత్రం కమ్ముకునే మబ్బు కలిస్తే ఇంకాస్త హాయి. చల్లదనమొక్కటే కావాలంటే ఇక మాట్లాడే పని లేదు, కోటగిరే.

కానీ రెండు రోజులకు కోటగిరి పెట్టుకోకండి. కారులో పొద్దున బయలుదేరితే చేరేసరికి రాత్రవుతుంది. మైసూరు మీదుగా పోతే బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేటైతే ఆ రాత్రి అడవికి ముందున్న గుండ్లుపేటలోనే బస. 2024 మే నుంచి నీలగిరి జిల్లాకు సొంత బండిలో పోవాలంటే ఈ-పాస్ కావాలి. మరుసటి ఏడు ఏప్రిల్ నుంచి వేసవిలో రోజుకు 6,000 బండ్లే, వారాంతంలో 8,000 అని పరిమితి కూడా పెట్టారు. ఆర్టీసీ బస్సులో పోయేవాళ్లకు ఈ గొడవ లేదు. మూడు, నాలుగు రాత్రులు ఉండగలిగితే మాత్రం వెళ్లాల్సిన ఊరే. ఊటీ సందడి లేదు, చుట్టూ బడగలనే అక్కడి రైతు జనం పల్లెలు, ఉదయం కొడనాడు వ్యూపాయింట్‌కు పోతే కింద మోయారు నది లోయ కనబడుతుంది. కడపవాళ్లకైతే పూణె - కన్యాకుమారి రైలు కోయంబత్తూరు దాకా ఉంది కాబట్టి డ్రైవింగ్ బాధ తప్పుతుంది.

ఏలగిరికి దారి బాగుంటుంది. కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కృష్ణగిరికి పోయే హైవేనే చాలాదూరం పట్టుకోవచ్చు. చివర్లో 14 మలుపుల ఘాట్, ఒక్కో మలుపుకు ఒక్కో తమిళ కవి పేరో, పాత రాజు పేరో పెట్టారు. పైన నిజమైన పల్లె బతుకు ఉంది. పద్నాలుగు ఊళ్లు, పనస చెట్లు, అరటి తోటలు, ఇంటివాళ్లు వండిపెట్టే హోమ్‌స్టేలు. పల్లెలో ఉన్నామన్న తృప్తి మూడింట్లో ఇక్కడే ఎక్కువ. కానీ ఏలగిరి మీదే ఉన్న పుంగనూరు చెరువులో (దారిలో వచ్చే మన పుంగనూరు కాదు) పడవ, పార్కు, ఇవి పిల్లలున్నవాళ్ల సరదాలు. మేలో జలగంపారై జలపాతం చూద్దామని పోతే ఎండిన బండలే మిగులుతాయి. ఆరేడు గంటలు కూర్చుని పోయి, మధ్యాహ్నమంతా మళ్లీ ఫ్యాను కిందే పడుకోవాలంటే నాకు మనసొప్పదు.

నా ఓటు హార్సిలీ హిల్స్‌కే. అది పేరుకు హిల్ స్టేషన్ గానీ, చేయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇద్దరే పోయేవాళ్లకు అదే దాని గొప్ప. 1860లలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర వేసవికని ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోదే. అంతకుముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు, ఆ అమ్మ గుడి ఇప్పటికీ ఉంది. పైన టూరిజం వాళ్ల కాటేజీలు, కొన్ని ప్రైవేటు గదులు, నీలగిరి చెట్లు, కోతులు. అంతే. తిండి విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. చిత్రాన్నం, కారం బొరుగులు డబ్బాల్లో పెట్టుకుని పోండి, డబ్బా మూత కోతులకు కనబడకుండా తీయండి.

మధ్యాహ్నం 35 అంటే చల్లదనమేమీ కాదు, ఒప్పుకోవాలి. ఏప్రిల్, మేల్లో అడవి కూడా సగం ఎండి ఉంటుంది, పచ్చగా ఉంటుందని ఫోటోలు చూసి మోసపోవద్దు. తేడా తెలిసేది సాయంత్రం ఐదు దాటాక, గాలిబండ అనే పెద్ద రాతిబండ మీద. రోజంతా కాగిన రాయి కూర్చుంటే ఇంకా వెచ్చగానే తగులుతుంది, పైనుంచి వీచే గాలి మాత్రం చీర కొంగు నిలవనివ్వదు. పక్కన కూర్చున్న మనిషి మాట వినబడాలంటే దగ్గరికి జరగాల్సిందే. మా ఆయనకు ఫోటోల పిచ్చి, అక్కడ మాత్రం చేతిలోంచి ఎగిరిపోతుందని ఫోన్ జేబులో పెట్టేస్తాడు. నాకు అది చాలు. రాత్రి కిటికీ తెరిచి కూలర్ లేకుండా నిద్రపోవచ్చు. మేలో అనంతపురంవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

దారి కూడా కలిసొస్తుంది. పొద్దున ఐదుకు బయలుదేరితే కదిరిలో టిఫిన్, నరసింహస్వామి దర్శనం. తిమ్మమ్మ మర్రిమాను అక్కడికి పాతిక కిలోమీటర్లే. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన చెట్టు, ఎండ ముదిరే వేళకు దాని ఊడల కింద కూర్చోవచ్చు. పిల్లల్లేనివాళ్లు అక్కడ మొక్కుకుంటారని పెద్దవాళ్లు కొత్త జంటలను వద్దన్నా పంపిస్తారు, ఆ సలహాకు సిద్ధపడే పోండి. కొండెక్కేసరికి గది ఖాళీ అయ్యే టైం సరిపోతుంది.

ఒక్క షరతు. సోమవారం నుంచి గురువారం లోపు పోండి. శని, ఆదివారాల్లో గాలిబండ మీద స్పీకర్లు పెట్టే బ్యాచులు దిగుతాయి, రేట్లూ పెరుగుతాయి. సెలవు వారాంతంలోనే దొరికితే కదిరి, మర్రిమాను చూసుకుని రాత్రికి ఇల్లు చేరండి, కొండను జూలైకి వాయిదా వేయండి. అప్పటికి నాలుగు వానలు పడి చెట్లు కూడా చిగురిస్తాయి.